ఇంకా ఏదో పట్టుకునే ఉంది

మన మెకానిక్కులు ఇంజన్ "తీశాం" అనరు, "దించాం" అంటారు. మారుతీ ఓమ్ని దగ్గర ఆ మాట అక్షరాలా నిజం. ఓమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. బానెట్ ఎత్తి, గొలుసు తగిలించి పైకి లాగడానికి దారే లేదు. సీట్లు లేపి పైనుంచి అందేవి విప్పాలి. బండి కింద వెల్లకిలా పడుకుని కిందనుంచి అందేవి విప్పాలి. అన్నీ ఊడాక జాకీ మీద మెల్లగా నేలకు దించాలి. దించడానికి మాకు పట్టింది పది నిమిషాలు. విప్పడానికి పట్టింది రెండు రోజులు.

పెద్ద పని ఎదురైతే మనం ముందు దాని బరువు చూస్తాం. మన బలం చాలదని వెనక్కి తగ్గుతాం, లేకపోతే పళ్లు బిగించి లాగుతాం. బరువు సంగతి జాకీ చూసుకుంటుంది. ఆ బరువును ఎక్కడెక్కడ ఏమేం పట్టుకుని ఉన్నాయో వెతకడమే మన పని. ఇంత చిన్న విషయం నాకు నలభై ఏళ్లు వచ్చాక, మా పెరట్లో, చేతులకు గ్రీజు అంటితే గానీ అర్థం కాలేదు.

మాది తెనాలి. మా నాన్న చాలా ఏళ్లు బేకరీ సరుకు లైను వేశారు. బన్నులు, బ్రెడ్డు, బిస్కట్లు ఓమ్నిలో నింపుకుని తెల్లవారకముందే బయల్దేరి దుగ్గిరాల, కొల్లిపర, వేమూరు వైపు ఊళ్లలో కిరాణా కొట్లకు ఇచ్చి వచ్చేవారు. బండి 1997 మోడల్, కార్బురేటర్‌ది. మారుతీ 800లో ఉండే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే ఇందులోనూ ఉంటుంది. దాన్ని అడ్డంగా పెట్టి ముందు చక్రాలు తిప్పించారు 800లో. నిలువుగా పెట్టి వెనక చక్రాలు తిప్పించారు ఓమ్నిలో. 1984లో మారుతీ వ్యాన్ పేరుతో వచ్చి, 1988లో ఓమ్ని అయి, 2019లో తయారీ ఆగేదాకా ఈ డబ్బా లాంటి బండి మన చిన్న ఊళ్లలో అంబులెన్సు అయింది, బడి పిల్లల బండి అయింది, పెళ్లిళ్లకు వంట సామాను మోసింది. మా ఇంట్లో ఇద్దరి చదువులూ ఆ బండి మీదే గడిచాయి. అందుకే అది నీలం పొగ వదలడం మొదలుపెట్టినప్పుడు పాత ఇనుము కింద అమ్మెయ్యమని నలుగురూ చెప్పినా మాకు మనసొప్పలేదు.

నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. ఒక షెడ్డులో చూపిస్తే బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఇంజన్ దించాలి, ఫుల్ పని" అని తేల్చేశారు. ఏ సిలిండరు, ఎందుకు అని అడిగితే జవాబు లేదు. అక్కడే మీరు జాగ్రత్త పడాలి. ఇంత పెద్ద పని నిజంగా అవసరమా అన్నది ముందు తేలాలి. హెడ్ గ్యాస్కెట్ పోయిందనుకోండి, ఇంజన్ బండిలో ఉండగానే మార్చుకోవచ్చు. తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. స్పార్క్ ప్లగ్గులు తీసి, కంప్రెషన్ మీటరు పెట్టి, సెల్ఫ్ కొట్టి ఒక్కో సిలిండరూ ఎంత ఒత్తిడి చూపిస్తోందో రాసుకోవాలి. తక్కువ చూపించిన దాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఒత్తిడి పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. ఆయిల్ కాసేపు సందులు పూడ్చింది కాబట్టి పెరిగింది. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో ఉంది. మాకు రెండు సిలిండర్లలో ఒత్తిడి పెరిగింది. అప్పుడే దించాలని నిర్ణయించుకున్నాం. భయంతోనో, ఎవరో అన్నారనో తీసుకున్న నిర్ణయం మీద మనిషి రెండు రోజులు బండి కింద పడుకోలేడు. మొదటి బోల్టు మొండికేయగానే "అసలిదంతా ఎందుకు" అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు మా దగ్గర మూడు అంకెలు కాగితం మీద రాసి ఉన్నాయి.

మా వీధి చివర ఒక ముసలి మేస్త్రి ఉన్నారు. చేతులు వణుకుతాయని షెడ్డు మూసేశారు. ఆయన వస్తానన్నారు గానీ ఒక షరతు పెట్టారు. "నేను పానా పట్టను బాబూ. పట్టేది మీరే. నేను స్టూలు మీద కూర్చుని చెబుతా." తమ్ముడూ నేనూ సరే అన్నాం.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఆయన మమ్మల్ని పానా ముట్టుకోనివ్వలేదు. సుద్దముక్క ఇచ్చి, ఇంజన్‌ని బండితో కలిపేవన్నీ ప్రహరీ గోడ మీద రాయమన్నారు. రాశాం. బ్యాటరీ తీగలు, నీళ్ల గొట్టాలు, పెట్రోలు పైపులు, ఎక్సలేటర్ కేబులు, చోక్ కేబులు, క్లచ్ కేబులు, సైలెన్సరు, గేరు రాడ్డు, వెనక్కి వెళ్లే జాయింటు షాఫ్టు, రెండు పక్కలా ఫౌండేషన్లు. పద్నాలుగు తేలాయి. "ఇంకా" అన్నారాయన. మళ్లీ బండి కింద దూరాం. డైనమో తీగలు, సెల్ఫ్ మోటారు తీగలు, ఆయిల్ లైటుకి వెళ్లే సన్న తీగ, వేడి ముల్లుకి వెళ్లేది, స్పీడోమీటరు కేబులు, రివర్సు లైటు తీగ. "ఇంకా." చీకటి పడబోతుంటే ఇరవై మూడు దగ్గర మాకు ఓపిక అయిపోయింది. ఆయన గోడ వైపు కాసేపు చూసి, "సరే, రేపు తెలుస్తుంది" అన్నారు. లెక్క సరిపోయిందని మాత్రం అనలేదు.

ఒక్కటి మాత్రం ఆ సాయంత్రమే చేయించారు. సైలెన్సరు నట్లకు తుప్పు వదిలే నూనె కొట్టించారు. నిప్పు పక్కనే పాతికేళ్లు కాగిన నట్లు అవి. తల ఎక్కడుందో, తుప్పు ఎక్కడ మొదలవుతుందో తెలియనట్టున్నాయి. మా తమ్ముడు పానాకి పొడవాటి ఇనప గొట్టం తొడిగి బరువంతా దాని మీద వేయబోయాడు. మేస్త్రి గొంతు పెంచడం ఆ రెండు రోజుల్లో అదొక్కసారే విన్నాను. "విరిగిందనుకో, గంట పని రెండు రోజులవుద్ది. నూనె కొట్టి ఇంట్లోకెళ్లి అన్నం తినండి."

వాయిదా వేయడం వేరు, నానబెట్టడం వేరు. మన ఇళ్లలో మినప్పప్పు రాత్రి నీళ్లలో పోసి పడుకుంటాం. పప్పు దాని పని అది చేసుకుంటుంది, పొద్దున రుబ్బడం సులువవుతుంది. డబ్బాలో ఉన్న పప్పును తలుచుకుని పడుకుంటే మాత్రం పొద్దున గారెలు రావు. మీరు ఒక కష్టమైన మాట ఎవరితోనో మాట్లాడాలి, ఇవాళ కుదరలేదు. కనీసం "రేపు మీతో ఒక విషయం మాట్లాడాలి" అని చెప్పి పడుకోండి. నూనె పడ్డట్టే. రాత్రంతా ఇద్దరి మనసుల్లోనూ అది కొంచెం కొంచెం లోపలికి దిగుతుంది. పొద్దున మేస్త్రి ఇంకో కిటుకు చెప్పారు. విప్పే ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పమన్నారు. తుప్పు పొర అక్కడ పగులుతుంది. టక్కున చిన్న శబ్దం, ఆ తర్వాత నట్టు మామూలుగా తిరిగింది. తల అరిగిన నట్టుకి పన్నెండు పలకల రింగు పానా వాడవద్దనీ, ఆరు పలకల సాకెట్ అయితే జారకుండా పడుతుందనీ కూడా అప్పుడే తెలిసింది.

ఇంటి దగ్గర ఈ పని చేసేవాళ్లు ఈ మూడు విషయాలూ ఆగి చదవండి. ఇందులో తప్పుకి రెండో అవకాశం ఉండదు.

జాకీ బండిని ఎత్తడానికే. ఎత్తిన బండిని నిలబెట్టడానికి స్టాండ్లు కావాలి, లేదా ఒకప్పుడు రైలు పట్టాల కింద వేసిన చెక్క దిమ్మల లాంటి గట్టి దిమ్మలు కావాలి. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు పెట్టకండి. చెక్క నలిగేముందు కిరకిరలాడుతుంది, ఇటుక చెప్పకుండా పగులుతుంది. కింద సమంగా ఉన్న గచ్చు ఉండాలి, వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టాలి. దూరేముందు రెండు చేతులతో బండిని గట్టిగా ఊపి చూడాలి. ఊగి పడేదేదో మీరు బయట ఉన్నప్పుడే పడాలి. బ్యాటరీకి నెగటివ్ తీగ ముందు తీయాలి. బాడీ అంతా నెగటివ్‌కే కలిసి ఉంటుంది. పాజిటివ్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి, పక్కనే పెట్రోలు పైపు ఉంటుంది. రేడియేటరు నుంచి తీసిన కూలంటు మూత ఉన్న డబ్బాలో పోసి పిల్లలకు, కుక్కలకు అందకుండా పెట్టాలి. అది తియ్యగా ఉంటుంది, తాగితే ప్రాణం తీస్తుంది.

బండి కింద ఎవరున్నా నాన్న వరండాలో కుర్చీ వేసుకుని మమ్మల్నే చూస్తూ కూర్చున్నారు. ఫోన్ చేతిలో ఉంది. మేస్త్రి ఆయనకు అప్పగించిన పని అది. రెండు రోజులూ ఆ కుర్చీ వదిలి లేవాల్సి వస్తే ముందు మమ్మల్ని బయటికి రమ్మనే లేచారు.

రెండో రోజు పని చకచకా సాగింది. ఒకటి విప్పడం, గోడ మీద దాని పేరు కొట్టెయ్యడం. బోల్టులు ఎక్కడివక్కడే ఇడ్లీ రేకుల గుంటల్లో వేశాం. ఒక్కో గుంట పక్కన చీటీ. గేరుబాక్సు నూనె వంపాం. జాయింటు షాఫ్టు నాలుగు బోల్టులు తీసేముందు రెండు ముక్కలు కలిసే చోట తెల్ల రంగు గీత పెట్టాం. మళ్లీ అదే వరుసలో బిగిస్తే బండి అదరదు. గేరుబాక్సుని ఇంజన్ నుంచి వేరు చేసేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. దాని ముందు షాఫ్టు క్లచ్ ప్లేటు మధ్యలో దూరి ఉంటుంది. సగం లాగి వదిలేస్తే గేరుబాక్సు బరువంతా ఆ ప్లేటు మీద పడి వంగిపోతుంది. అడుగున ఒకరు మోస్తూ, ఇంకొకరు తిన్నగా వెనక్కి లాగాలి.

మధ్యాహ్నం మూడింటికి గోడ మీద ఫౌండేషన్లు తప్ప మిగతా పేర్లన్నీ కొట్టేసి ఉన్నాయి. ఇంజన్ కింద జాకీ, జాకీ మీద చెక్క పలక. ఫౌండేషన్ బోల్టులు తీశాం, ఇరవై మూడూ కొట్టేసినట్టే. జాకీ వదిలాం. ఇంజన్ నాలుగు వేళ్ల మేర దిగి, ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది.

అక్కడ మనుషులందరూ చేసేదే మేమూ చేశాం. తమ్ముడు కాలితో తన్నాడు. నేను రెండు చేతులతో పట్టుకుని కిందికి గుంజాను. ఇంకో రెండు వేళ్లు దిగింది, ఇంకా ఒరిగింది. తమ్ముడు గోడ దగ్గరున్న గడ్డపార అందుకున్నాడు.

మేస్త్రి స్టూలు మీదనుంచి లేచారు. "ఆగు. లాగితే వచ్చేదయితే ఈపాటికి వచ్చేది. ఇంకా ఏదో పట్టుకునే ఉంది. చేతులు తీసి, చూడు."

టార్చి తీసుకుని పది నిమిషాలు వెతికాం. బురదా గ్రీజూ పేరుకుపోయి ఛాసిస్‌లో భాగంలా కనిపిస్తున్న చోట ఒక రాగి పట్టీ ఉంది. వేలి వెడల్పు ఉంటుందేమో. ఒక కొస ఇంజన్‌కి, ఒక కొస బాడీకి. ఇంజన్ రబ్బరు ఫౌండేషన్ల మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకని ఇంజన్‌కీ బాడీకీ మధ్య కరెంటు తిరిగి రావడానికి ఆ ఎర్త్ పట్టీ వేస్తారు. ఇద్దరు మగవాళ్లు మీదపడి లాగినా రాని ఇంజన్ని ఆపింది అదే. ఇంకో గుంజు గుంజి ఉంటే జాకీ మీదనుంచి పక్కకు జారి పడేది. తమ్ముడి కాళ్లు అప్పుడు ఆ పక్కనే ఉన్నాయి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పన్నెండో నంబరు పానాతో ఒక్క బోల్టు. పట్టీ ఊడింది. మేస్త్రి గోడ దగ్గరకు వెళ్లి వణికే చేత్తో ఇరవై నాలుగు అని వేసి, దాని ఎదురుగా "ఎర్తు" అని రాసి, తనే కొట్టేశారు. ఇంజన్ నిటారుగా, చడీచప్పుడు లేకుండా నేలకు దిగింది.

బోరు కొట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. బ్లాకు లేతు షాపుకి ఇచ్చాం, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చుకున్నాం. పాత ఇంజన్ ఒకటి కొని పెట్టేసుకోమన్నారు కొందరు. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. వేరే ఇంజన్ పెడితే రవాణా శాఖ దగ్గర కాగితాలు సరిచేయించుకోవాలి. ఆ సంగతి చెప్పకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

బ్లాకు లేతు షాపులో ఉన్న ఆ వారంలోనే నాకు ఇంకో ఇంజన్ గుర్తొచ్చింది.

నాన్నకు అప్పటికి అరవై ఎనిమిది. తెల్లవారుజామున ఎదురుగా వచ్చే లైట్లకు కళ్లు ఆనడం లేదు. రెండేళ్లుగా లైను మానెయ్యమని మేం ఇంట్లో అందరం లాగుతూనే ఉన్నాం. బతిమాలాం, కోప్పడ్డాం. ఒకసారి బండి తాళాలు దాచేశాను, దానికి ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. లాగిన కొద్దీ ఒరిగాడే తప్ప కదల్లేదు మనిషి. ఆ సాయంత్రం ఇంజన్ లేని బండి పక్కన కూర్చుని మొదటిసారి వేరే ప్రశ్న అడిగాను. "నాన్నా, నువ్వు మానేస్తే ఏమేం ఆగిపోతాయి?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి పాత లెక్కల పుస్తకం తెచ్చారు. ఊళ్లలో కొట్లవాళ్లు ఇవ్వాల్సిన బాకీలు. తను వెళ్లడం మానేస్తే అవి రావని ఆయన బెంగ. పదహారేళ్లప్పటినుంచి తనతో తిరుగుతున్న కుర్రాడు, ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. వాడికి రేపటినుంచి పని ఏది? కాలవ గట్టు మీద కొట్టు పెట్టుకున్న ఒక ముసలావిడ. ఆవిడకి అరువు ఇచ్చేది నాన్న ఒక్కరే. ఈ మూడూ చెప్పి ఆగారు. మేస్త్రి గుర్తొచ్చి నేను "ఇంకా?" అన్నాను.

"నాలుగింటికి మెలకువ వచ్చేస్తది రా. లేచి ఏం చెయ్యను?"

రెండేళ్లలో ఈ మాట మాకెవరికీ చెప్పలేదు. చెప్పలేదని అనడం కూడా తప్పే, మేం ఎవరం అడగలేదు. మేం ఆయన ఆరోగ్యం గురించి లాగుతున్నాం, ఆయన్ని పట్టుకుని ఉన్నది తెల్లవారుజాము నాలుగు గంటలు.

మీరు కూడా మీ ఇంట్లో, ఆఫీసులో కదలని పని ఒకటి తీసుకోండి. ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మ మీ దగ్గరకు రానంటుంది. పదేళ్లుగా మానాలనుకుంటున్న ఉద్యోగం మానలేకపోతున్నారు. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు తగువు తెగడం లేదు. దాన్ని ఇంకా గట్టిగా ఎలా లాగాలా అని ఆలోచించడం ఒక వారం ఆపండి. కాగితం మీద, ఏమేం పట్టుకుని ఉన్నాయో పేర్లు రాయండి. "పరిస్థితులు", "మనస్తత్వం" లాంటి మాటలు రాయకండి, వాటికి పానా పట్టదు. పానా పట్టేవి రాయండి. ఫలానా బ్యాంకు వాయిదా. ఫలానా ఆదివారం అన్నయ్య అన్న మాట. అమ్మ రోజూ సాయంత్రం పక్కింటి అరుగు మీద కూర్చునే గంట. అయిపోయిందనిపించాక "ఇంకా" అని మిమ్మల్ని మీరే అడగండి, కుదిరితే అవతలి మనిషినే అడగండి. మనకు కనిపించనిది వాళ్ల చేతికి తగులుతూ ఉంటుంది.

విప్పేటప్పుడు ఒక్కొక్కటే విప్పండి. మేం బాకీల నుంచి మొదలుపెట్టాం. రెండు నెలలపాటు ఆదివారాలు నేనూ నాన్నా కలిసి ఆ ఊళ్లు తిరిగాం. చాలామంది ఇచ్చేశారు, ఇద్దరు ముగ్గురు ఇవ్వలేకపోయారు, ఆ పేర్లు ఆయనే కొట్టేశారు. లైను కుర్రాడికి అప్పజెప్పాం, బండితో సహా. ముసలావిడ అరువు తన ఖాతాలో రాసుకుంటానని వాడే అన్నాడు. నాలుగో దానికి మా దగ్గర మందు లేదు. కుర్రాడే ఒక మాట అన్నాడు. "వారంలో రెండు రోజులు నా పక్కన కూర్చోండి బాబాయ్. ఏ కొట్టుకి ఎంత వెయ్యాలో నాకు ఇంకా తెలీదుగా." వాడికి తెలుసు. పదిహేనేళ్లుగా వాడే దించుతున్నాడు ఆ సరుకు.

ఇంజన్ ఎక్కించిన రోజు గోడ మీది జాబితాను కిందనుంచి పైకి చదువుకుంటూ బిగించాం. ఈసారి ఇరవై నాలుగు. ఎర్త్ పట్టీ రెండు కొసలూ ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది మరీ బిగించాడు తమ్ముడు. పని చేయించిన ఇంజన్ని వెంటనే స్టార్ట్ చేయకూడదు. లోపల ఆయిల్ అన్ని చోట్లకూ చేరాలి. అందుకని కాయిల్ తీగ తీసేసి, స్పార్క్ లేకుండా, కొద్ది కొద్దిసేపు సెల్ఫ్ మాత్రమే కొట్టాలి. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు ఆరేదాకా.

కుర్రాడు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నాన్న ఎడమ వైపు ఎక్కారు. ఆ బండిలో ఆయన్ని ఆ సీట్లో చూడటం నాకు అదే మొదటిసారి. మేస్త్రి స్టూలు మీదే ఉన్నారు. మొదటి విడత సెల్ఫ్ తిరిగింది, లైటు వెలుగుతూనే ఉంది. రెండో విడత. మూడో విడత మధ్యలో లైటు ఆరిపోయింది. తమ్ముడు కాయిల్ తీగ తగిలించాడు.

నాన్న సీటు అంచున చెయ్యి వేసి, కింద ఇంజన్ ఉన్న చోట అరచెయ్యి ఆనించి ఉంచారు.

"ఆరిందా?"

"ఆరింది బాబాయ్."

"అయితే ఇవ్వు."